ఏరేసిన గింజ ఎటు పోతుంది

మా అమ్మ చేటలో వేరుశనగ పప్పు పోసుకుని కూర్చుంటే కాసేపటికి ఎదురుగా మూడు కుప్పలు పడేవి. నిగనిగలాడే గింజలు విత్తనానికి, బద్దలైనవీ పొట్టు ఊడినవీ ఇంటి వాడకానికి, ముడుచుకుపోయి నల్లబడినవీ మొన దగ్గర పచ్చటి బూజు అంటినవీ మూడో కుప్పకు. అనంతపురం జిల్లాలో మాలాంటి సేద్యగాళ్ల ఇళ్లలో గింజను పారేయడమన్న మాటే లేదు కనుక ఆ మూడో కుప్ప కూడా ఎక్కడో ఒకచోటికి చేరేది. కొంత గానుగకు, కొంత పొడిలోకి, మిగిలినది ఎనుముల దాణాలోకి. ఆ కుప్ప గురించి వ్యవసాయం, వైద్యం, భౌతిక శాస్త్రం కలిసి అరవై ఏళ్లకు పైగా పరిశోధిస్తున్నాయని ఆహార సూక్ష్మజీవశాస్త్రంలో పీజీ చదవడానికి వెళ్లేదాకా నాకు తెలియదు.

ఆ బూజు గింజలో వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. దాన్ని నేను మొదటిసారి చూసింది ప్రయోగశాలలోని ఒక చీకటి పెట్టెలో. సెలవులకు వెళ్లి వస్తూ ఇంటి నుంచి మూడో కుప్పలోని గింజలు గుప్పెడు తెచ్చాను. వాటిని పొడి చేసి, నీళ్లు కలిపిన మిథనాల్‌లో గిలకొట్టి, వడకట్టి, అందులోని సారాన్ని క్లోరోఫామ్‌లోకి తీసి, చివరకు మిగిలిన బొట్టును సిలికా పూసిన గాజు పలక మీద పెట్టాను. పక్కనే పోల్చి చూడడానికి, ఏ అఫ్లాటాక్సిన్లు ఉన్నాయో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణం చుక్క పెట్టాను. ద్రావకం పలక మీద మెల్లగా పైకి పాకింది. మామూలు వెలుతురులో చూస్తే పలక ఖాళీగానే ఉంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టగానే ప్రమాణ ద్రావణం ఉన్న వైపు నాలుగు చుక్కలు, రెండు నీలంగా, రెండు ఆకుపచ్చగా వెలిగాయి. ఆ రంగుల ఇంగ్లిష్ పేర్లలోని తొలి అక్షరాలే ఈ విషాలకు బి, జి అన్న పేర్లయ్యాయి. మా ఇంటి గింజల వైపు ఒకే ఒక నీలం చుక్క, ప్రమాణ ద్రావణంలోని రెండు నీలాల్లో బి1 అనే చుక్కకు సరిగ్గా పక్కన, అంతే నిబ్బరంగా వెలుగుతూ కనిపించింది.

ఆ వెలుగు వెనుక ఉన్నది 1852లో జార్జ్ స్టోక్స్ వివరించిన ప్రతిదీప్తి. అణువు తన మీద పడిన అతినీలలోహిత కిరణం నుంచి దాదాపు 3.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని తీసుకుని, కొంత తన కంపనాలలో పోగొట్టుకుని, మిగిలిన 2.9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని నీలి కాంతిగా వదులుతుంది. కంటికి కనిపించని, నాలుకకు స్పష్టంగా తెలియని విషాన్ని మైక్రోగ్రాముల లెక్కలో కొలవగలగడం ఈ చిన్న శక్తి తేడా వల్లే సాధ్యమైంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని రోగంతో చనిపోయినప్పుడు, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో ఉందని తేల్చి, అందులోని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు విషాన్ని వేరు చేయడానికి పరిశోధకులు పట్టుకున్న ఆధారాలలో ఈ కాంతి ఒకటి.

మనుషుల మీద దీని దెబ్బను చూపిన పరిశోధనలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది చాలా పెద్ద పాత్ర. 1974 చివర్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల్లో 150కి పైగా గ్రామాలలో జనానికి కామెర్లు వచ్చి పొట్టలో నీరు చేరింది. ఆ ఊళ్లలో కుక్కలకు కూడా అదే జబ్బు రావడం వల్ల అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం కాకపోవచ్చన్న అనుమానం బలపడింది. ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, భట్, వారి సహచరులు ఇళ్లలోని మొక్కజొన్నను పరీక్షించి, కోతకు ముందు అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన ఆ గింజలలో అఫ్లాటాక్సిన్ విపరీతంగా ఉందని కనుగొన్నారు. 397 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారని 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ వ్యాసం చదివినప్పుడు నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ సంఖ్య కాదు. ఇంట్లో వేరే తిండి లేకపోవడం వల్ల బూజు పట్టిందని కంటికి తెలుస్తున్నా ఆ కుటుంబాలు అదే మొక్కజొన్న తినడం.

మోతాదు తక్కువైతే మనిషి వెంటనే పడిపోడు, కానీ కాలేయంలో హాని పేరుకుపోతుంది. 1991లో తిండిలో ఈ విషం ఎక్కువగా ఉండే చైనా, ఆఫ్రికా దక్షిణ ప్రాంతాలలో కాలేయ క్యాన్సర్ కణితులను పరిశీలించినవారికి కణితులను అడ్డుకునే పి53 అనే జన్యువులో 249వ స్థానం దగ్గర ఒకే రకమైన మార్పు పదేపదే కనిపించింది. షాంఘైలో జరిగిన మరో అధ్యయనంలో ఈ విషం ఒక్కటే ఒంట్లోకి చేరినవారికి ముప్పు 3.4 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవారికి 7.3 రెట్లు ఉంటే, రెండూ ఉన్నవారికి 59 రెట్లు ఉందని తేలింది. పసిపిల్లలకు వేసే హెపటైటిస్ బి టీకా వేరుశనగ తినే ప్రాంతాలకు ఎంత విలువైనదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

బూజు ఎప్పుడు చేరుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం మా ఎర్రనేలల్లోనే ఉంది. ఊడలు దిగి కాయ ఊరుతున్న చివరి నెలలో వాన మొహం చాటేస్తే నేల వేడెక్కుతుంది, గింజలో నీరు తగ్గుతుంది, బూజును ఎదిరించడానికి గింజ తనంతట తాను తయారుచేసుకునే రసాయనాలు ఆగిపోతాయి. బూజుకు మాత్రం ఆ వేడి హాయిగానే ఉంటుంది. అందుకే కరువు ఏడాది పంట తక్కువ కావడమే కాకుండా, వచ్చిన కొద్ది పంటలోనూ విషం వాటా ఎక్కువ. పీకిన తరువాత ఆరబెట్టడంలో జరిగే పొరపాటు దీనికి తోడవుతుంది. వడ్లకు 14 శాతం తేమ సరిపోతే వేరుశనగ గింజకు 8 శాతం దాటకూడదు. గింజలో దాదాపు సగం నూనె, నూనె నీటిని పట్టుకోదు. కనుక ఉన్న నీరంతా మిగిలిన సగంలోనే చేరి బూజుకు సులువుగా అందుతుంది. కాయ వలిచేటప్పుడు పప్పు విరగకుండా నీళ్లు చిలకరించే అలవాటు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక కొలవడంలోని చిక్కు. విషం బస్తా అంతటా సమానంగా పరుచుకోదు. బాగా బూజు పట్టిన ఒక్కో గింజలో కిలోకు 10 లక్షల మైక్రోగ్రాముల స్థాయి కూడా నమోదైంది. అలాంటి అరగ్రాము గింజ ఒక్కదానిలో 500 మైక్రోగ్రాముల విషం ఉంటుంది. మిగిలిన బస్తా అంతా మచ్చలేనిదైనా, ఆ ఒక్క గింజ 50 కిలోల పప్పును కిలోకు 10 మైక్రోగ్రాముల స్థాయికి తెస్తుంది. నేరుగా తినే వేరుశనగకు మన దేశం పెట్టిన పరిమితి సరిగ్గా అంతే. యూరప్‌లో అది 4. అంటే అలాంటి గింజను చేటలో వేలితో పక్కకు తోసి మా అమ్మ, తెలిసో తెలియకో, బస్తా బరువంత పని చేసింది.

పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ చిక్కును రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. ప్రతిరక్షకాలతో పనిచేసే చవకైన ఎలైజా పరీక్షను, ఆ తరువాత 2016లో 2 డాలర్ల లోపు ఖర్చుతో 15 నిమిషాలలోపే ఫలితం చెప్పే చిన్న పట్టీని తయారుచేశారు. ఇంకోవైపు బూజులో విషం తయారుచేసే జన్యువుల నోరు మూయించే వేరుశనగ మొక్కను జన్యుమార్పిడితో సాధించి 2017లో ప్రకటించారు. మొక్క గొప్ప విజయమే అయినా అది రైతు పొలానికి రాలేదు. నా మటుకు ఆ చిన్న పట్టీయే ముఖ్యం, ఎందుకంటే అది మార్కెట్ యార్డులో తూకం పక్కన పెట్టగలిగిన వస్తువు. బూజు చేరకుండా టార్పాలిన్ కొని, తీగెలను తిరగేసి కాయ పైకి ఉండేలా ఆరబెట్టి, ఎకరాకు 200 కిలోల జిప్సం వేసిన రైతుకు ఇవాళ యార్డులో అదనంగా ఒక్క రూపాయి దక్కదు. మా పంటను చూసిన వ్యాపారి గుప్పెడు కాయలు నలిపి, ఊది, ధర చెప్పి వెళ్లిపోయాడు. విషం మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

నీలం చుక్క ఫొటోను ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, మూడో కుప్పను కొంగులో పోసుకుని నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి ఒకటే అడిగింది: "మనవి సరే, మిల్లులో ఏరేసినవి యాడికి పోతాయి?"

రంగును చూసి గాలితో గింజను పక్కకు ఊదేసే యంత్రాలు మంచి పప్పును ఎగుమతికి పంపుతాయి. వేరుచేసిన గింజలో చాలా భాగం నూనెకు పోతుంది. శుద్ధి చేసిన నూనెలో విషం దాదాపు మిగలదు కానీ, గానుగ నుంచి నేరుగా వచ్చిన నూనెలో ఉండవచ్చు. విషం చాలావరకు నూనె తీయగా మిగిలిన చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న పశువు కాలేయం బి1ను ఎం1 అనే మరో రూపంలోకి మారుస్తుంది, ఒక రోజులోపే అది పాలలో కనిపిస్తుంది. ఇదంతా చెబుతుంటే అమ్మ దొడ్డివైపు చూసింది. అక్కడ తొట్టిలో, పొద్దున నానబెట్టిన చెక్క, ఇంకా సగం అలాగే ఉంది.