రెండడుగుల టైలు మీద అష్టాచెమ్మా

గచ్చు నేల ఉన్న రోజుల్లో సుద్దముక్కో బొగ్గుముక్కో దొరికితే చాలు, ఆట మొదలయ్యేది. ఇప్పుడు ఇళ్ళన్నీ టైల్సే అయినా, 2 అడుగుల టైలు అష్టాచెమ్మాకు కొలిచి చేయించినట్టే ఉంటుంది. పక్కకు 60 సెంటీమీటర్లు, 5 గళ్ళు, గడికి 12. చుట్టూ అంచు ఎలాగూ ఉంది కాబట్టి లోపల నాలుగు నిలువు గీతలు, నాలుగు అడ్డగీతలు గీస్తే సరిపోతుంది. నున్నటి టైలు మీద పొడి సుద్ద పట్టదు, జారిపోతుంది. సుద్దముక్కను ఒకసారి నీళ్ళలో ముంచి గీయండి. ఆరేకొద్దీ గీత తెల్లగా తేలుతుంది, తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడిమి గడిలోనూ ఇంటూ గుర్తు వేయాలి. పక్కనున్న నాలుగూ ఇళ్ళు, నడిమిది పండే చోటు. ఇద్దరే ఆడితే ఎదురెదురుగా కూర్చోవాలి.

గవ్వలు నాలుగు, పూజా సామగ్రి కొట్లో దొరుకుతాయి. నాలుగూ ఒకే సైజువి ఏరుకోండి. వెల్లకిలా ఎన్ని పడితే అంత పందెం: ఒకటి, రెండు, మూడు, నాలుగూ పడితే చెమ్మ. అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వలు లేకపోతే చింతపిక్కలున్నాయి. పిక్కను గరుకు బండ మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి ఒకవైపే అరగదీస్తే గోధుమరంగు పొట్టు పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. తెలుపు పైకొస్తే వెల్లకిలా కింద లెక్క. పొడిగా రుద్దితే పిక్క కాలుతుంది. పక్కవాడి చేతికి చురక పెట్టే విద్య కూడా మీ పిల్లలకు మీరు చెప్పకుండానే వస్తుంది! సగం దాకా అరగదీయడంలో తొందరపడితే పిక్క వాలుగా అరిగి ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. ఒక్కోదాన్ని 20 సార్లు వేసి చూడండి. తెలుపు 7 నుంచి 13 సార్ల మధ్య వస్తే ఆ పిక్క పనికొస్తుంది, 16 సార్లు వస్తే పారేయండి. టైలు మీద గవ్వలూ పిక్కలూ దొర్లి సోఫా కిందికి పోతాయి కాబట్టి పక్కన పలచటి చాప వేసి దాని మీద వేయాలి. మందపాటి తువ్వాలు వద్దు, గవ్వ దాంట్లో ఒరిగి నిలబడుతుంది, దాంతో తగువు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే పిక్కలూ గవ్వలూ వాళ్ళకు అందకుండా చూసుకోండి.

కాయలు మనిషికి నాలుగు. చొక్కా గుండీలు మేలు. పాతకాలపు గాజుముక్కలు అందంగా ఉంటాయి గానీ అంచు చేతికి గీసుకుంటుంది.

నడక ఇదీ. మీ ఇంటి నుంచి కుడిచేతి వైపుగా బయలుదేరి బయటి వరస చుట్టి రావాలి. ఇంటికి ఒక్క గడి ఇవతల, అంటే 15వ గడిలో ఆగి, అక్కణ్ణుంచి లోపలికి తిరగాలి. లోపలి 8 గళ్ళు ఎదురు దిక్కులో తిరిగి, నడిమి గడికి చేరితే కాయ పండినట్టు. మొత్తం 24 అడుగులు. ఈ లోపలి మలుపు దగ్గరే పిల్లలు దారి తప్పుతారు. మొదటి ఆటల్లో వాళ్ళ దారి మీద చిన్న బాణం గుర్తులు గీసి పెడితే మీరు మాటిమాటికీ సరిదిద్దే అవసరం ఉండదు. అష్ట, చెమ్మ పడినా, ఎదుటి కాయ ఉన్న గడిలోకే చేరి దాన్ని చంపినా మళ్ళీ పందెం. ఒక్క కాయనైనా చంపనిదే లోపలికి పోకూడదనే నియమం చాలా ఇళ్ళలో ఉంది.

ఆట ఎక్కువగా చెడేది మొదట్లోనే. అష్టో చెమ్మో పడితేనే కాయ పటంలోకి దిగాలంటే, గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకున్నా అది 8 పందేలకు ఒకసారి. 8 పందేలు వేసినా దిగనివాళ్ళు మూడింట ఒక వంతు ఉంటారు. ఆరేళ్ళ పిల్లకు అంతసేపు ఊరికే గవ్వలు విసరమంటే లేచిపోతుంది. అందుకే ఒక కాయను ముందే ఇంట్లో దింపి ఆట మొదలుపెట్టండి, చచ్చిన కాయ కూడా పందెం కోసం ఆగకుండా ఇంటి నుంచి నడవనివ్వండి. మొదట రెండు కాయలే చాలు. నాలుగు కాయలకు 96 అడుగులు, వంతుకు సగటున మూడు కంటే తక్కువే నడుస్తాం, అంటే చావుల్లేకున్నా ముప్పై పైచిలుకు వంతులు. చంపితేనే లోపలికి అన్న నియమం కూడా తర్వాతే.

ఏ కాయ జరపాలో మాత్రం మీరు చెప్పకండి. ఆటంతా ఆ ఎంపికలోనే ఉంది. లెక్క ఒక్కటే నేర్పండి: నాలుగు గవ్వలు పడగలిగే 16 రకాల్లో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ 1, అష్ట 1. కాబట్టి శత్రువు కాయకు రెండు గళ్ళ ముందు నిలబడ్డ కాయదే అన్నిటికంటే పెద్ద గండం. ఐదారు గళ్ళ ముందుంటే ఒక్క పందెంతో చావదు. చెమ్మ పడి, మళ్ళీ ఒకటో రెండో పడాలి. ఇళ్ళ మధ్య దూరం సరిగ్గా నాలుగు, అందుకని ఇంట్లో కూర్చున్న కాయకు చెమ్మ పడితే తిన్నగా ఇంకో ఇంట్లోకి, అక్కడ చావు లేదు. ఇది తెలిసిన పిల్ల వేళ్ళతో గళ్ళు లెక్కపెట్టి, మీ కాయ వెనక ఎక్కడ నిలబడితే లాభమో తనే వెతుక్కుంటుంది.

కన్నడ నేల మీద చౌకాబారా అని ఆడేది కూడా ఇదే పటం మీద. బెంగళూరు అపార్ట్‌మెంటులో పక్కింటి పిల్లలతో కూర్చోబెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: కాయ దిగడానికి ఏ పందెం కావాలి, ఒకే గడిలో జంటగా ఉన్న కాయల్ని చంపవచ్చా, పండటానికి సరిగ్గా అంతే పందెం పడాలా. ఈ మూడూ ఇంటికో రకంగా ఉంటాయి.