పసరు తగ్గేదాకా

బాబు పుట్టగానే నా పక్కన పడుకోబెట్టలేదు. పర్లాకిమిడిలో కాన్పు చేసిన సిస్టర్ ఒక్క క్షణం అలాగే నిలబడిపోయారు. బొడ్డుకు కుడి పక్కన చిన్న రంధ్రం, అందులోంచి పేగులు బయటికి వచ్చేశాయి. పైన పొరైనా లేదు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ తర్వాత సిస్టర్ చేసిన ప్రతి పనీ నాకు గుర్తుంది. పేగులను లోపలికి నెట్టలేదు. బాబును చంకల దాకా శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచారు. పేగులు మెలిపడకుండా కుడివైపుకు ఒత్తిగిలించి పడుకోబెట్టారు. ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి, సెలైన్ పెట్టారు. "పాలు పట్టకండి, ఒళ్లు చల్లబడనివ్వకండి" అని మా ఆయనకు రెండుసార్లు చెప్పారు. పాతపట్నం దాటి, శ్రీకాకుళం మీదుగా విశాఖ చేరేసరికి కూడా బాబు వెచ్చగానే ఉన్నాడు. వాడి ప్రాణం సగం ఆ పది నిమిషాల్లోనే నిలిచిందని నా నమ్మకం.

దీన్ని గ్యాస్ట్రోస్కైసిస్ అంటారట. బొడ్డుతాడు మొదట్లో పొర కప్పుకుని పేగులు బయటికి వచ్చేది ఓంఫలోసీల్, అది వేరు. ఆ పిల్లల్లో గుండె లోపాలు ఎక్కువ. రెండూ ఐదో నెల స్కానింగులో చాలావరకు తెలుస్తాయి. నాకు స్కానింగు చేసినచోట అంతా బాగుందని రాసిచ్చారు. ముందే తెలిస్తే కాన్పు విశాఖలోనే పెట్టుకునేవాళ్లం. ఆ కాగితం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంటి దగ్గర మాత్రం తప్పు నాదేనన్నారు. గ్రహణం రోజున కూరగాయలు తరిగానట. సర్జన్ అత్తయ్యను కూర్చోబెట్టి అడిగారు: "గ్రహణం ఎన్నో నెలలో వచ్చిందమ్మా?" ఏడో నెలలో అన్నారు అత్తయ్య. "ఈ లోపం మొదటి మూడు నెలల్లోనే ఏర్పడిపోతుంది." అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నా తల దువ్వారు.

వాచిన పేగులను ఒక్కసారే లోపలికి తోస్తే పొట్టలో ఒత్తిడి పెరిగి బిడ్డకు ఊపిరాడదు. అందుకే వాటిని సైలో అనే పారదర్శకమైన సంచిలో ఉంచి పైకి వేలాడదీశారు. రోజూ కొంచెం కొంచెం దించుతూ, ఆరో రోజున పొట్ట మూశారు.

అసలు నిరీక్షణ అక్కడే మొదలైంది. ముక్కు గొట్టంలోంచి రోజూ పసరు వచ్చేది. పేగులు ఇంకా పని మొదలుపెట్టలేదని దానర్థం. పోషకాలన్నీ రక్తనాళం ద్వారానే ఎక్కించేవారు. నేను మూడు గంటలకోసారి పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టించేదాన్ని. సీసాల మీద తేదీలు అత్తయ్య రాసేవారు, చదువుకున్నది ఒడియా బడిలో కాబట్టి ఒడియా అంకెల్లోనే. చదవలేక నర్సులు నన్ను పిలిచేవారు. నేను లేచిన మొదటి పని ఆ పసరు రంగు చూడటం. ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ, మళ్లీ ముదురు.

19వ రోజున నీళ్లలా తేటగా వచ్చింది. అత్తయ్య తేదీ వేసిన సీసాలోంచే రెండు మిల్లీలీటర్ల పాలు గొట్టంలో పోశారు. వాంతి కాలేదు. మర్నాడు గుడ్డ మార్చడానికి వెళ్లిన అత్తయ్య, వార్డంతా వినబడేలా నన్ను పేరు పెట్టి పిలిచారు.