వానాకాలానికి ముందు వైపర్ బ్లేడ్ల ఎంపిక: నా అనుభవం

ఈసారి రుతుపవనాలు రాకముందే మా కారు ముందు అద్దానికి కొత్త వైపర్ బ్లేడ్లు వేయించాలని మే నెలలోనే నిశ్చయించుకున్నాను. విజయవాడ ఎండలో ఏడాది పొడవునా ఆరుబయట నిలిచే కారుకు వైపర్ రబ్బరు అరగడం కంటే ముందే బిరుసెక్కిపోతుంది. వానలో తిరిగిన గంటలకన్నా కాలిన అద్దానికి అతుక్కుని ఎండలో ఉన్న గంటలే దానికి ఎక్కువ చేటు చేస్తాయి. అయినా ఎండలు మండుతున్నంత కాలం వైపర్ల ఊసు ఎవరికీ పట్టదు. హైదరాబాదు రహదారి మీద రాత్రి వానలో, ఎదురు దారిలో వచ్చే లారీల వెలుగు అద్దం మీది నీటి చారల్లో చెదిరి ముందున్న దారి కనిపించకుండా పోయినప్పుడు మాత్రమే అందరికీ అది గుర్తుకొస్తుంది.

కొనడానికి వెళ్ళేముందు అసలు దోషం బ్లేడుదా, అద్దానిదా అన్నది తేల్చుకోవడం అవసరమనిపించింది. మా ఇంటి ముందు కారు నిలిపేది మామిడిచెట్టు కింద. పూత కాలంలో తేనెమంచు పురుగు విసర్జించే జిగురు సన్నని చుక్కలుగా అద్దమంతా పడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు నీళ్ళు కొట్టినా పైపైన పోతుందే తప్ప పూర్తిగా వదలదు. దీనికి తోడు బోరు నీటితో కడిగి తుడవకుండా వదిలేస్తే ఆరిన చోటల్లా తెల్లని ఉప్పు మరకలు మిగులుతాయి. ఇలాంటి అద్దం మీద ఎంత ఖరీదైన బ్లేడయినా కిచకిచలాడుతూ ఎగిరెగిరి పడుతుంది. అందుకని గిన్నెలు తోమే ద్రవంతో అద్దాన్ని రెండుసార్లు కడిగి, ఆరాక మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డ మీద వేసి పై నుంచి కింది దాకా తుడిచాను. తెల్లగుడ్డ పసుపు పచ్చగా మారింది. తర్వాత సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో పాత బ్లేడ్ల రబ్బరు అంచును కూడా తుడిచి, అద్దం మీద నీళ్ళు పోసి వైపర్లు ఆడిస్తే ఎగిరిపడటం చాలావరకు తగ్గింది కానీ చారలు అలాగే ఉన్నాయి. దోషం రబ్బరులోనూ ఉందని అప్పుడు రూఢి అయింది.

చారలన్నీ ఒక రకంవి కావు. అద్దం మీద ఎప్పుడూ ఒకే చోట సన్నని గీతలా నీరు మిగిలిపోతే రబ్బరు అంచు అక్కడ తెగిందని అర్థం. మా డ్రైవరు వైపు బ్లేడును పైకెత్తి వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే సరిగ్గా ఆ గీతకు ఎదురుగా అంచులో గోరుతో గిల్లినట్టు చిన్న గాటు కనిపించింది. గీతలు లేకుండా వెడల్పాటి మసకపొర మిగిలితే అంచు పదును పోయి గుండ్రబడిందని తెలుసుకోవాలి. ఇంకొకటి, వైపర్ దిశ మార్చుకున్న ప్రతిసారీ రబ్బరు పెదవి అటునుంచి ఇటు వాలాలి. ఎండకు గట్టిపడిన రబ్బరు ఒకవైపే వాలి బిగుసుకుపోతుంది కాబట్టి, వెళ్ళేటప్పుడు శుభ్రంగా తుడిచి వచ్చేటప్పుడు గడగడలాడుతుంది. మా పాత బ్లేడ్లలో ఈ మూడు లక్షణాలూ ఎంతో కొంత ఉన్నాయి.

కొలతలు ఇంట్లోనే తీసుకున్నాను. కొలవాల్సింది ఇనుప చేతిని, అంటే బ్లేడును పట్టుకుని ఆడించే కడ్డీని కాదు, రబ్బరును ఈ కొస నుంచి ఆ కొస దాకా. మా కారుకు డ్రైవరు వైపు 24 అంగుళాలు, పక్క సీటు వైపు 16 అంగుళాలు. పొడవెక్కువైతే ఎక్కువ జాగా తుడుస్తుందని పెద్ద సైజు వేయించుకునేవాళ్ళు ఉన్నారు గానీ, అలా చేస్తే రెండు బ్లేడ్లు ఒకదాన్నొకటి తగలడమో, కొస అద్దం అంచు దాటి పక్క స్తంభానికి కొట్టుకోవడమో జరుగుతుంది. మోటారు మీద భారమూ పెరుగుతుంది. సైజు తర్వాత చూడాల్సింది చేతి కొస. మా కారుకు అది గొడుగు పిడిలా వంగిన హుక్, ఎక్కువ కార్లకు ఉండేది అదే. కొన్నింటికి పక్కనుంచి దూరే పిన్ను, కొన్నింటికి నొక్కి వదిలే మీట ఉంటాయి. హుక్ వెడల్పులోనూ తేడాలుంటాయి కనుక దాన్ని ఫోనుతో దగ్గరగా ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఆటోనగర్‌లో నేను వెళ్ళిన విడిభాగాల షాపాయన ఫొటో చూడకముందే ఫ్లాట్ బ్లేడ్ల జత తీసి కౌంటరు మీద పెట్టి, “ఇప్పుడందరూ ఇవే వేయించుకుంటున్నారు సార్, పాత మోడల్ ఎందుకండీ?” అన్నారు. చూపుకు అవి నిజంగానే బాగుంటాయి. వాటిలో కీళ్ళుండవు, రబ్బరు వెంట ముందే వంచిన స్ప్రింగు ఉక్కు పట్టీ ఉంటుంది. చేయి నొక్కినప్పుడు ఆ వంపు సాగి ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది, వేగంలో గాలికి పైకి లేవడమూ తక్కువ. అయితే ఆ వంపు ఏ అద్దానికి సరిపోయేలా చేశారన్నదే అసలు ప్రశ్న. ఎన్నో మోడళ్ళకు సరిపోతుందని అమ్మే బ్లేడు అన్ని అద్దాల వంపుకూ సరిపోవడం కష్టం. ఆయన అనుమతితో కారుకు పెట్టి చూశాను. పలచని కాగితం ముక్కను రబ్బరు కింద అక్కడక్కడా పెట్టి లాగితే మధ్యలో బిగుతుగా పట్టుకుంది కానీ, పై కొసన మూడు అంగుళాల మేర ఇట్టే జారి వచ్చేసింది. నాకు వద్దనిపించడానికి అది చాలు.

ఆయన పాత మోడల్ అన్న ఫ్రేమ్ బ్లేడులో చేతి ఒత్తిడి వంతెనలా వంగిన పెద్ద పట్టీ నుంచి అలాంటి చిన్న పట్టీలకు, వాటి నుంచి రబ్బరును పట్టుకున్న గోళ్ళకు పంచబడుతుంది, కీళ్ళు కదులుతాయి కాబట్టి అద్దం వంపుకు అదే సర్దుకుంటుంది. దాని కీళ్ళలో మంచు గడ్డకడుతుందన్న ఆక్షేపణ చలిదేశాలకు చెల్లుతుంది. మనకు అక్కడ చేరేది దుమ్ము, ఎండుటాకుల పొడి, అది నీళ్ళు కొడితే పోతుంది. కారుతో వచ్చినవీ ఫ్రేమ్ బ్లేడ్లే కనుక కంపెనీ విడిభాగంగా విడివిడిగా అమ్మేవాటినే అడిగాను. ఫ్లాట్ జతకు చెప్పిన ధరలో అవి సగానికి కాస్త ఎక్కువయ్యాయి. పాత ఫ్రేములోకి రబ్బరు పట్టీ మాత్రమే ఎక్కించి ఇస్తానని కూడా ఆయన అన్నారు. ఫ్రేము కీళ్ళు బిగువుగా ఉంటే అది మంచి పొదుపే, కానీ మా వాటి గోళ్ళు వదులై చేత్తో ఊపితే లొడలొడలాడుతున్నాయి. సిలికాన్ రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, కాకపోతే ధర ఎక్కువ. మామూలు రబ్బరును ఏటా మార్చుకుంటే నాకు సరిపోతుంది.

ప్యాకెట్టు మీద తయారైన నెల, సంవత్సరం చూడటం మరిచిపోకూడదు. తూనికలు కొలతల నిబంధనల ప్రకారం అది ఎమ్మార్పీతో పాటు ముద్రించి ఉండాలి. రబ్బరు అరలో కూర్చున్నా ముసలిదవుతుంది గనుక, మొదట ఇచ్చిన ప్యాకెట్టు పాతదని తేదీ చూసి చెప్పి, లోపలి నుంచి కొత్తది తెప్పించుకున్నాను. ఆయన విసుక్కోలేదు, ఆ మాటకొస్తే నవ్వారు కూడా.

బిగించడం కష్టమేమీ కాదు కానీ ఒక జాగ్రత్త తప్పనిసరి. బ్లేడు తీసేసిన ఉత్త చేయి స్ప్రింగు బలంతో అద్దం మీద పడితే అద్దం పగలవచ్చు, అందుకే మందపాటి తువ్వాలు మడతపెట్టి కింద పరిచాను. కొత్త బ్లేడు హుక్‌లోకి వెళ్ళి టక్కుమన్నాక ఒకసారి గట్టిగా లాగి చూశాను. రబ్బరుకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగు తీసేయాలని వేరే చెప్పనక్కరలేదు గానీ, అది పారదర్శకంగా ఉండి కంటికి ఆనదు.

వెనుక అద్దం వైపర్ మాత్రం ఇంకా పాతదే. దాని బిగింపు ప్లాస్టిక్‌ది, ముందువాటితో పొత్తు లేనిది, ఆ కారు మోడలుకు చేసినదే తప్ప మరొకటి పట్టదు. షాపులో నిల్వ లేదంటే తెప్పించమని చెప్పి వచ్చాను.