చలికాలంలో నా మొదటి శిఖరం: మిటెన్లతో పదకొండు నిమిషాలు

ఇంకా 16 వారాలు

గత నాలుగేళ్లలో ఐదు శిఖరాలు ఎక్కాను, అన్నీ ఎండాకాలంలోనే. ఈసారి ఫిబ్రవరిలో, 5,000 మీటర్లు కాస్త దాటే ఒక పర్వతం మీదికి వెళ్దామని నేనూ, ఎప్పుడూ నాతో ఒకే తాడు మీద ఎక్కే మిత్రుడూ అనుకున్నాం. అనుభవం ఉన్న గైడ్ ఒకాయన మాతో వస్తారు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడే ఆయన అడిగారు: "మందపాటి మిటెన్లు వేసుకుని, చీకట్లో, క్రాంపాన్లు కట్టుకోవడానికి మీకెంతసేపు పడుతుందండీ?"

తెలియదన్నాను. క్రాంపాన్లంటే మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే లోహపు ముళ్ల చట్రాలు. ఆ రాత్రే లైటు ఆర్పేసి, వాచీ పెట్టుకుని చూశాను. ఉత్తి చేతులతో రెండున్నర నిమిషాలు. వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే ఆ మిటెన్లతో పదకొండు.

ఆ పదకొండు నిమిషాలు కొండ మీద ఎలా ఉంటాయో లెక్క వేశాను. 1,000 మీటర్లు పైకి వెళ్తే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర మైనస్ 10 ఉంటే 5,000 దగ్గర దాదాపు మైనస్ 23. దానికి గంటకు 40 కిలోమీటర్ల గాలి తోడైతే చర్మానికి తగిలే చలి మైనస్ 38కి సమానం. అంత చలిలో కప్పుకోని చర్మానికి పది నుంచి ముప్పై నిమిషాల్లో ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) రావచ్చు. వేసవిలో గ్లోవ్స్ తీసేసి పని కానిచ్చేవాణ్ణి. అక్కడ ఆ అలవాటు పనికిరాదు. అందుకే కాళ్లతో పాటు చేతులకూ రోజూ సాధన పెట్టుకున్నాను.

13 వారాలు

కాళ్ల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. వారానికి నాలుగు రోజులు మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా గంట, గంటన్నర. ఒక రోజు బరువుతో మెట్లు. బరువుకి నీళ్ల సీసాలే వాడుతున్నాను. పైకి చేరాక నీళ్లు పారబోసి ఖాళీ సంచితో దిగుతాను, మోకాళ్లు బతుకుతాయి. 8 కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు 14కి వచ్చాను. గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కగలుగుతున్నాను. 16 కిలోలతో 400 చేరాలి.

ఎత్తు కూడా చలికాలంలో కాస్త పెరిగినట్టే ఉంటుంది. అదే పర్వతం మీద గాలి పీడనం వేసవి కంటే తగ్గుతుంది కాబట్టి అందే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. పెద్ద పర్వతాల చరిత్ర చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. ప్రపంచంలో రెండో ఎత్తైన పర్వతం కే2ని మొదట ఎక్కింది 1954లో. చలికాలంలో ఎక్కడానికి 2021 జనవరి 16 దాకా పట్టింది. ఆ రోజు పదిమంది నేపాలీ ఆరోహకులు శిఖరానికి కొద్ది మీటర్ల కింద ఆగి, అందరూ చేరాక కలిసి పైకి నడిచారు. అంత చలిలో ఒకరి కోసం ఒకరు ఆగడమంటే ఏమిటో ఇప్పుడు కొంచెం ఊహించగలుగుతున్నాను. ఆ సంగతి ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

10 వారాలు

బూట్లు మార్చాల్సి వచ్చింది. లోపలి బూటు విడిగా వచ్చే డబుల్ బూట్లే తీసుకున్నాను కానీ, సైజు నా మామూలు సైజే. మందపాటి మేజోళ్లతో గంట నడిచేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. బిగుతు బూటులో రక్తం సరిగా ఆడదు, ఇక ఎంత ఖరీదైన బూటైనా కాలు చల్లబడుతుంది. ఒక సైజు పెద్దది తీసుకున్నాను. లోపల వేళ్లు ఆడాలి, దిగుతున్నప్పుడు వేలి కొసలు ముందుకి తగలకూడదు. రెండు జతల మేజోళ్ల కంటే ఒకే మందపాటి జత మేలని కూడా తేలింది.

చేతుల సాధన ఇలా సాగుతోంది. కారబినర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు), క్రాంపాన్లు రాత్రంతా ఫ్రీజర్‌లో పెడతాను. పొద్దున్నే తీసి, మిటెన్లతో తాడుకి ఎనిమిది అంకె ఆకారపు ముడి వేయడం, నడుముకి కట్టుకునే పట్టీ హార్నెస్ బిగించడం, క్రాంపాన్లు కట్టడం. ఫ్రీజర్ చలి మైనస్ 18 దగ్గర ఉంటుంది కాబట్టి ఇనుము నిజంగానే కరుస్తుంది. లోపల పల్చటి గ్లోవ్స్ ఎప్పుడూ తీయకూడదన్న నియమం పెట్టుకున్నాను. జాకెట్ జిప్పులన్నిటికీ వేలెడంత తాడు ఉచ్చులు కట్టాను. క్రాంపాన్ పట్టీల కొసలకు రంగు టేపు చుట్టి, ఏది కుడిదో ఏది ఎడమదో తడబడకుండా చేసుకున్నాను. మిటెన్లకు మణికట్టు తాళ్లు కుట్టించాను. గాలిలో ఒక మిటెన్ ఎగిరిపోతే ఆ చేతి మీద ఆశ వదులుకోవాల్సిందే, కాబట్టి సంచిలో ఇంకో జత కూడా ఉంటుంది.

ఈ వారం క్రాంపాన్లకు ఏడు నిమిషాలు.

8 వారాలు

తక్కువ ఎత్తున్న ఒక మంచు వాలు మీద గైడ్ గారితో రెండు రోజులు గడిపాం. మొదటి రోజంతా జారడమే. కింద బండలు గానీ లోయ గానీ లేని చోటు చూసి, ముందు క్రాంపాన్లు లేకుండా, ఐస్ యాక్స్‌తో, అంటే మంచు గొడ్డలితో, ఆపుకోవడం నేర్పించారు. బోర్లా జారితే ఆపుకోవడం సులువే. వెల్లకిలా, తల కిందికి ఉన్నప్పుడు ఆపుకోవడమే నాకు చాలా కష్టమైంది. యాక్స్ మొన పక్కకి గుచ్చి, దాని చుట్టూ ఒళ్లు తిరిగేదాకా ఆగి, అప్పుడు ఛాతీ బరువు దాని మీద వేయాలి. ఇరవై సార్లు జారితే ఇరవయ్యోసారికి ఆలోచించకుండా చేశాను. క్రాంపాన్లు ఉన్నప్పుడు పాదాలు ఎత్తి ఉంచాలి. ముళ్లు మంచులో తగులుకుంటే మనిషి ఎగిరి బోల్తా పడతాడు.

రెండో రోజు మంచుచరియల గురించి. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే చరియలు విరుగుతాయి. కొత్త మంచు బాగా పడ్డాక, గాలి మంచుని ఒకవైపు వాలు మీదికి మోసి పేర్చాక ప్రమాదం పెరుగుతుంది. ముగ్గురి దగ్గరా ట్రాన్సీవర్ (పూడిపోయిన మనిషి ఎక్కడున్నాడో రేడియో సంకేతంతో చెప్పే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి. ఒకరి దగ్గర లేకపోయినా మిగతావి అక్కరకు రావు. పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ. అందుకే పూడ్చిపెట్టిన సంచిని వెతికి తవ్వడం ఆరుసార్లు చేయించారు. ఫోన్ దగ్గరుంటే ట్రాన్సీవర్ సంకేతం చెడిపోతుంది. వెతికేటప్పుడు రెండిటి మధ్య కనీసం అర మీటరు దూరం ఉండాలి. మొదటిసారి నేను ఫోన్ ఛాతీ జేబులోనే ఉంచుకుని రెండు నిమిషాలు వృథా చేశాను.

5 వారాలు

టెంట్‌లో ఒక రాత్రి, మైనస్ 14. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ రాత్రే.

గ్యాస్ స్టవ్ సగంలో నీరసించిపోయింది. డబ్బాలోని మామూలు బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ కిందే మరగడం ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. మిశ్రమం డబ్బాలో ప్రొపేన్ ముందు అయిపోతే మిగిలింది మంట ఇవ్వదు. కొండ మీదికి ద్రవ ఇంధనం స్టవ్ తీసుకెళ్తున్నాం.

మంచు కరిగించడానికి ఇంత ఇంధనం పడుతుందని అనుకోలేదు. సున్నా డిగ్రీల మంచుని నీళ్లు చేయడానికి పట్టే వేడితో, ఆ నీళ్లనే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. గిన్నెలో అడుగున కాసిని నీళ్లు పోశాకే మంచు వేయాలి, లేకపోతే గిన్నె మాడుతుంది. మనిషికి నాలుగు లీటర్లు తయారయ్యేసరికి గంటన్నర దాటింది. టెంట్ లోపల స్టవ్ వెలిగించం. కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోతుంది.

సీసాలు తలకిందులుగా పెడితే మంచు అడుగువైపు కడుతుంది, మూత వైపు నీళ్లు ఉంటాయి. లోపలి బూట్లు, బ్యాటరీలు, రేపటి గ్లోవ్స్ అన్నీ స్లీపింగ్ బ్యాగ్‌లోకి చేరాయి, నాకు చోటు చాల్లేదు. బ్యాగ్ మీద రాసే మూడు అంకెల్లో "కంఫర్ట్" అంకెనే నమ్మాలి. "ఎక్స్‌ట్రీమ్" అంకె ప్రాణం నిలబడటానికే తప్ప నిద్రపోవడానికి కాదు. కింద ఒక పరుపు చాల్లేదు, రెండోది వేశాక ఒంట్లో వణుకు ఆగింది.

3 వారాలు

సమయం దగ్గర మేమిద్దరం వాదించుకున్నాం. చివరి రోజు ఎక్కాల్సింది 1,100 మీటర్లు. గంటకు 200 చొప్పున అయిదున్నర గంటలు. విరామాలు, పట్టీలు బిగించడాలు, మిటెన్లతో చేసే ప్రతి చిన్న పనీ కలిపితే ఇంకో గంటన్నర. తెల్లవారుజామున 4కి బయల్దేరితే 11కి పైన ఉండాలి. వెనక్కి తిరిగే సమయం మధ్యాహ్నం 1 అని మిత్రుడన్నాడు. నేను 12 అన్నాను. దిగడానికి నాలుగు గంటలు పడుతుంది, సూర్యుడు అయిదున్నరకే అస్తమిస్తాడు. 12కి తిరిగితే గంటన్నర చేతిలో ఉంటుంది, 1కి తిరిగితే అరగంటే. అరగంట ఒక్క క్రాంపాన్ ఊడితేనే పోతుంది. గైడ్ గారు 12నే ఖాయం చేశారు. శిఖరం వంద మీటర్లలో ఉన్నా తిరిగిపోతామని ముగ్గురం చేతులు కలిపాం.

ఎత్తుకు అలవాటు పడటానికి ఎనిమిది రోజులు కేటాయించాం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగదు, ప్రతి మూడు రోజులకు ఒక విశ్రాంతి. తలనొప్పి వస్తే దాచుకోకూడదు. నడక తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా రాత్రైనా సరే వెంటనే దిగిపోవాలి.

9 రోజులు

నిన్న రాత్రి చీకట్లో మళ్లీ చూశాను. హెడ్‌ల్యాంప్ వెలుతురులో, ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన క్రాంపాన్లు, మిటెన్లతో. నాలుగు నిమిషాల పది సెకన్లు. గైడ్ గారికి మెసేజ్ పెట్టాను. "ఇప్పుడు నిలబడి, వాలు మీద, యాక్స్ గుచ్చి ఉంచి చేయండి" అన్నారు. రేపటి నుంచి మెట్ల మీద అదే పని.