చిత్రమూలం వేరు, సున్నపు నీళ్లు

చిత్రమూలం మొక్క తెల్లగా పూస్తుంది. పువ్వు కింది జిగురు తొడిమలు బట్టలకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. హనుమకొండలో ఎం.ఫార్మసీ చేస్తున్నప్పుడు ప్రాజెక్టు కోసం ములుగు దగ్గరి మా ఊళ్లో, ఇంటెనక కంచె పొంటి ఆ వేర్లు తవ్వుతుంటే నాయనమ్మ కేకేసింది: "ఒట్టి చేతులతోని ముట్టకు బిడ్డా, బొబ్బలెక్కుతయ్."

వినలేదు. పచ్చి వేరు బెరడు గోటితో గీకాను. మర్నాటికి రెండు వేళ్ల మధ్య నీటి బొబ్బలు. వారం రోజులు చెంచాతోనే అన్నం!

బొబ్బలు లేపిందీ, నేను వెతుకుతున్నదీ ఒకటే: ఆ వేర్లలో ఉండే ప్లంబాజిన్ అనే రసాయనం. నీడన ఆరిన వేర్లు దంచి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో హెక్సేన్ అనే ద్రావకంతో సారం లాగి, రసాయనాలను విడదీసే సిలికా జెల్ కాలమ్‌లో పోశాం. పసుపు పట్టీ ఒకటి మెల్లగా కిందికి దిగింది. చివరికి నారింజ రంగు సూదుల్లాంటి స్ఫటికాలు మిగిలాయి. 78 డిగ్రీల దగ్గర కరిగాయి. అవి చూసిన రోజు ఛాయ్ కూడా మర్చిపోయాను.

బ్యాక్టీరియా పెంచే ప్లేట్లలో గుంటలు చేసి, ప్లంబాజిన్ పోసి, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాం. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉన్న ప్లేటులో గుంట చుట్టూ తేటగా ఖాళీ ఏర్పడింది. ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియా మాత్రం పెద్దగా లెక్క చేయలేదు. దానికి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా మందులను అదే ఆపేస్తుంది. ప్లంబాజిన్ క్వినోన్ అనే రకం రసాయనం. కణంలో ఎలక్ట్రాన్లు అటూఇటూ మారుస్తూ హాని చేసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. బ్యాక్టీరియా ఏదో, నా వేలు ఏదో దానికి తెలియదు. అందుకే "చిత్రమూలం యాంటీబయాటిక్" అని ఎవరన్నా వాట్సాప్‌లో పంపితే నాకు ఒళ్లు మండుతుంది. గర్భిణులైతే ఆ వేరు జోలికే పోకూడదు.

రసాయనాలను చుక్కలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చల్లితే పసుపు చుక్క ఊదా ఎరుపుగా మారింది. దసరాకు పోయినప్పుడు గొప్పగా చెబితే నాయనమ్మ తీసిపారేసింది. "సున్నపు నీళ్లల్ల నానేస్తే గట్లనే ఎర్రగైతయ్ గదా. ఆ నీళ్లు పారబోసినంకనే వేరు వాడుతం."

సున్నం కూడా క్షారమే. క్షారం తగిలితే ప్లంబాజిన్ రంగు మార్చుకుని నీళ్లలోకి దిగుతుంది, వేరు ఘాటు తగ్గుతుంది. ఆయుర్వేదంలో దీన్నే శోధన అంటారు. ఆమె పారబోయబోతున్న ఎర్ర నీళ్లు ఒక సీసాలో పట్టుకొచ్చాను. ల్యాబులో కొంచెం ఆమ్లం కలిపి, హెక్సేన్ పోసి ఊపాను. పై పొర పసుపుపచ్చగా తేలింది.