సాండ్రా ష్మర్లర్ కొట్టిన ఆ ఒక్క షాట్

కర్లింగ్ అంటే నాకు మొన్నమొన్నటిదాకా ఐస్ మీద చీపుర్లు పట్టుకుని ఊడ్చే ఆట, అంతే. వింటర్ ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరం తెగ నవ్వుకునేవాళ్ళం. యూట్యూబ్‌లో ఒక పాత క్లిప్ చూశాక మాత్రం ఇక నోరెత్తలేదు.

1997 నవంబర్, కెనడాలో బ్రాండన్ అనే ఊళ్ళో ఒలింపిక్ ట్రయల్స్ (ఒలింపిక్స్‌కి ఏ టీం వెళ్ళాలో తేల్చే పోటీ) ఫైనల్. అవతలి స్కిప్ (అంటే టీం కెప్టెన్) షానన్ క్లైబ్రింక్ స్టోన్ హౌస్ (రాళ్ళు జారవిడిచి ఆపాల్సిన గుండ్రటి టార్గెట్) లోపల దాక్కుని ఉంది, నేరుగా కొడదామంటే దారి లేదు. ఇవతలి స్కిప్ సాండ్రా ఏం చేసిందంటే పక్కకి ఆగున్న ఇంకో స్టోన్‌ని కొట్టింది, దానికి తగిలి ఈవిడ స్టోన్ వంకర తిరిగి లోపలికెళ్ళి క్లైబ్రింక్ స్టోన్‌ని లేపేసింది, దెబ్బకి మూడు పాయింట్లు! క్యారమ్స్‌లో పక్క కాయిన్‌ని రాసుకుంటూ స్ట్రైకర్ వెళ్ళి కొడుతుంది చూడండి, అదే లెక్క, కాకపోతే ఇక్కడ స్ట్రైకర్ దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి, దూరమేమో 40 మీటర్లకి కాస్త తక్కువ.

అప్పటికి ఆవిడకి మొదటి పాప పుట్టి రెండు నెలలు దాటాయంతే. మా అమ్మమ్మైతే బాలింతని చెవుల్లో దూది లేకుండా గడప కూడా దాటనిచ్చేది కాదు, ఈవిడేమో ఐస్ మీద!

సొంతూరు కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో బిగ్గర్. 'న్యూయార్క్ ఈజ్ బిగ్, బట్ దిస్ ఈజ్ బిగ్గర్' అని బోర్డు పెట్టుకున్న చిన్న ఊరు అది (ఆ బోర్డు పెట్టినాయనకి దండం). జాన్ బెట్కర్, జోన్ మెక్‌కస్కర్, మార్షా గుడెరైట్‌లతో కలిసి 1993, 94, 97లో మూడుసార్లు వరల్డ్ ఛాంపియన్. 1998 నాగానో వింటర్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ కర్లింగ్‌కి మొదటిసారి మెడల్ ఇచ్చారు, సెమీస్‌లో బ్రిటన్ మీద ఎక్స్‌ట్రా ఎండ్ (స్కోర్ సమానమైతే ఆడే అదనపు రౌండ్) దాకా లాగి 6-5తో బయటపడి, ఫైనల్లో డెన్మార్క్‌ని 7-5తో కొట్టి గోల్డ్ పట్టుకొచ్చారు.

తర్వాత ఏడాదే రెండో పాప, ఆ వెంటనే క్యాన్సర్. 2000 ఫిబ్రవరిలో ప్రెస్ ముందుకొచ్చి, మ్యాచ్ ఓడిపోతే కొంపేం మునగదని ఇప్పుడర్థమైంది అన్నట్టు మాట్లాడింది. మార్చి 2న పోయింది, 36 ఏళ్ళకి. చిన్నదానికి ఇంకా ఏడాది నిండలేదు.

అంత్యక్రియలు టీవీలో లైవ్ ఇచ్చారు. అదే టైంలో సస్కటూన్‌లో మగవాళ్ళ కర్లింగ్ నేషనల్స్ జరుగుతున్నాయి, ఆ మధ్యాహ్నం మ్యాచ్‌లు లేటుగా మొదలుపెట్టారు.