ఇసుకరాయిని కాల్చి, చల్లార్చి, విరగ్గొట్టి... నా అనుభవం

ఇసుకరాయిని వేర్వేరు ఉష్ణోగ్రతల దాకా కాల్చి చల్లార్చాక దానికి ఎంత బలం మిగులుతుందో చూడటం నా పరిశోధన. రాయిని వేడి చేసి విరగ్గొట్టడమే కదా, నెలలో అయిపోతుందనుకున్నా. మొదటి బ్యాచ్ మొత్తం పారేయాల్సి వచ్చింది. తప్పు రాయిది కాదు, నాదే. 600 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాక ఆత్రం ఆగక ఫర్నేస్ తలుపు తీసేశా, తీరా చూస్తే తలుపు వైపున్న ముక్కల మీదంతా సన్నని బీటలు. నెమ్మదిగా చల్లారినవని రాసుకున్న ముక్కలు కాస్తా ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

రెండోసారి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి పెంచి, సగం ముక్కల్ని మర్నాటిదాకా మూసిన ఫర్నేస్‌లోనే వదిలేశా, మిగతావి వేడివేడిగా ఉండగానే నీళ్ళలో వేశా. అన్నీ అర్ధచంద్రాకారంలో కోసినవే, పగులు అక్కడే మొదలయ్యేలా మధ్యలో చిన్న గంటు. గంటు వేడి చేశాక పెడదామనుకున్నా కానీ 800 డిగ్రీల ముక్కలు రంపం కిందే పొడిపొడిగా రాలాయి, అందుకే ముందే పెట్టేశా.

200 డిగ్రీల దాకా కాల్చిన ముక్కలు కాల్చని వాటికంటే కాస్త గట్టిగా తేలేసరికి, విరగ్గొట్టే మిషన్‌నే అనుమానించా. అసలు సంగతేంటంటే, ఆ వేడికి రాయిలోని తేమ పోతుంది, వ్యాకోచించిన రేణువుల మధ్య సందులూ కొంత మూసుకుంటాయి. కథ తిరగబడేది 573 డిగ్రీల దగ్గర. అక్కడ ఇసుకరాయిలో ఎక్కువగా ఉండే ఖనిజం క్వార్ట్జ్, ఆల్ఫా అనే స్ఫటిక రూపం నుంచి బీటా అనే రూపానికి మారుతూ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్ళీ కుంచించుకుపోతుంది. పైగా ఒకే స్ఫటికం ఒక దిశలో కంటే ఇంకో దిశలో దాదాపు రెట్టింపు సాగుతుంది, పక్కనున్న రేణువు ఇంకెటో తిరిగి ఉంటుంది, ఇక వాటి మధ్య అతుకు ఏం నిలుస్తుంది?

నీళ్ళలో వేసినవి బాగా బలహీనపడ్డాయని సంబరంగా చూపిస్తే, మా గైడ్ అడిగింది ఒకటే: "తడి మీదే పరీక్షించావా?" అవును, తడి మీదే. ఉత్త తడికే ఇసుకరాయి బలం తగ్గుతుంది కాబట్టి అందులో ఒక్కసారిగా చల్లారిన షాక్ వాటా ఎంతో, తడి వాటా ఎంతో ఎవరు చెప్పాలి! కొత్త ముక్కలు కోసి, కాల్చి, నీళ్ళలో వేసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్ళీ చేశా. నెమ్మదిగా చల్లారిన వాటితో తేడా తగ్గింది, పోలేదు. పైపొర ముందే చల్లారి కుంచించుకుపోతుంటే లోపలి వేడి దాన్ని అడ్డుకుంటుంది, అందుకే బీటలు బయట నుంచి లోపలికి పోతాయి.

విరిగిన ముఖాలు చూస్తే ఇంకా స్పష్టం. మామూలు రాయి టప్‌మని విరిగింది, పగులు కొన్ని రేణువుల్ని కూడా చీల్చుకుంటూ పోయింది. 800 డిగ్రీలది చప్పుడే లేదు, లోడ్, అంటే మిషన్ నొక్కే బలం, మెల్లగా దిగిపోయింది, పగులు రేణువుల చుట్టూ వంకర్లు తిరిగింది. వేలితో రాస్తే ఎర్రటి ఇసుక అంటుకుంది.